ఎడమ మూల ఆడిన పిల్ల

ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు హిందూపురంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కొత్తగా పి.ఇ.టి. ఉద్యోగం వచ్చింది వాళ్ళకు. “మేడం, మీ అనుభవం చెప్పండి, మాకు పనికొస్తుంది” అన్నారు. రిటైరై ఇంట్లో కూర్చున్నదాన్ని, అడిగేవాళ్ళు దొరకడమే భాగ్యం. కాఫీ పెట్టి మొదలుపెట్టాను. కాసేపటికే వాళ్ళ ముఖాలు వాడిపోయాయి. వాళ్ళు వినాలనుకున్నవి కప్పు గెలిచిన కథలు. నా దగ్గర అలాంటి కథ ఒక్కటే ఉంది. అది విన్నాక ఎవరికీ చప్పట్లు కొట్టాలనిపించదు. సగంలో ఆపేశాను. వాళ్ళు వెళ్ళాక ఆ మిగిలిన సగం నన్ను నిద్రపోనివ్వలేదు, అందుకని రాస్తున్నాను.

ఉద్యోగం అంటే ఏమిటి

జనానికి డ్రిల్లు టీచరంటే మెడలో విజిల్. బడికి మాత్రం డ్రిల్లు టీచరంటే ఎవరూ చేయని పనులన్నీ చేసే మనిషి. నా మొదటి పోస్టింగు పెనుకొండ వైపు. ప్రేయర్‌లో లైను సరిచేయడం నేనే, పాఠ్యపుస్తకాల కట్టలు విప్పడం నేనే, టీకాలకు పిల్లల్ని పోగుచేయడం నేనే. లెక్కల సారు రాకపోతే ఆ క్లాసులో పిల్లలు అరవకుండా చూడడం కూడా నేనే. వీటన్నిటి మధ్య దొరికిన సాయంత్రంలోనే ఆట.

గ్రౌండంటే కంపచెట్లు కొట్టేసిన బీడు. వాలీబాల్ ఆడాలంటే వలా బంతీ కావాలి. కబడ్డీకి బకెట్టు సున్నం చాలు. అందుకే మా పేద బళ్ళన్నీ కబడ్డీ బళ్ళే. రాళ్ళేరడం, నీళ్ళు చల్లి నేల అణచడం పిల్లలే చేసుకునేవాళ్ళు. నీళ్ళంటే బోరింగు దగ్గర లైనులో నిలబడి, ఇంటికి తీసుకుపోవాల్సిన బిందెను గ్రౌండులో పోసి, మళ్ళీ లైనులో నిలబడడం. ఆ పిల్లలకు అంకితభావం గురించి ఉపన్యాసం ఇవ్వాలంటే నాకు నోరు వచ్చేది కాదు.

ఆడపిల్లల్ని ఆటకు పంపమని ఇళ్ళకు పోయి బతిమాలడం ఇంకో ఉద్యోగం. ఒకావిడ నన్ను గడప దగ్గరే ఆపేసింది. “కాలో చెయ్యో ఇరగ్గొట్టుకొని వస్తే దీన్ని ఎవురు చేసుకుంటారు మేడం?” అంది.

“చేన్లో పాము కరిస్తే ఎవరు చేసుకుంటారమ్మా? కూలికి పంపడం మానేశావా?” అన్నాను.

ఆవిడ నవ్వి కూతుర్ని పంపింది. నా మాటకారితనానికి నేనే మురిసిపోయాను. ఆ వయసులో అన్నిటికీ జవాబులుండేవి.

ధర్మవరంలో ఒక పాఠం

తర్వాత ధర్మవరంలో కొన్నాళ్ళు చేశాను. అక్కడ నాకు సీనియర్ వెంకటస్వామి సారు. ఆటంటే ప్రాణం ఆయనకు, ఆలస్యమంటే మంట. పొద్దున ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చినవాణ్ణి గేటు బయటే నిలబెట్టేవారు. అలా రోజూ నిలబడేవాడు ఒకడుండేవాడు, నేతపని వాళ్ళ పిల్లవాడు. “బాధ్యత లేని నాయాల” అని సారు వాణ్ణి తిట్టని రోజు లేదు.

ఒకరోజు ఆ వీధిలో పోతూ వాళ్ళింట్లోకి తొంగిచూశాను. మగ్గం గుంటలో తండ్రి కూర్చుని ఉన్నాడు, పక్కనే ఈ పిల్లవాడు. ఆ రకం పట్టుచీర అంచు నేయాలంటే రెండో మనిషి ఉండాలి. తండ్రి ఇటునుంచి దారం కండె ఉన్న నాడె వేస్తే వీడు అటునుంచి వేయాలి. వీడు లేస్తే మగ్గం ఆగిపోతుంది. కోడి కూసినప్పటినుంచి ఆ పని చేసి, పరుగెత్తుకుంటూ బడికొచ్చి, గేటు బయట తిట్లు తింటున్నాడన్నమాట.

సారుతో చెప్పాను. “అయితే ఏదో ఒకటే చూసుకోమను” అన్నారు. ఆటగాడిగా ఆయన చెప్పింది సబబే కావచ్చు, మనిషిగా మాత్రం నాకు నచ్చలేదు. మనం బాధ్యత లేదని తిట్టే పిల్లవాడు మన జట్టు కంటే ముందే ఇంకో జట్టులో పేరిచ్చేసి ఉంటాడు. తిట్టేముందు ఒకసారి వాళ్ళింటి దాకా పోయి రండి. కొత్తవాళ్ళకు నేను ధైర్యంగా చెప్పగల మొదటి మాట ఇదే.

ఏడుగురు

అసలు కథ ధర్మవరం పక్కన ఒక మండల కేంద్రంలో జరిగింది. తొంభైల నడిమి సంవత్సరాలు. ఆ ఊరి పేరు రాయను, అక్కడి వాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ హైస్కూల్లో నాకు ఏడుగురు ఆడపిల్లలు దొరికారు. నా ఉద్యోగ జీవితంలో మళ్ళీ అలాంటి జట్టును చూడలేదు. అందులో గంగరత్న ఎడమ మూల ఆడేది. కబడ్డీలో మూల మనిషంటే కూతకు వచ్చినదాని కాలు పట్టేది. అందరికంటే ముందు దూకాలి, మిగతావాళ్ళు వచ్చి మీద పడేదాకా వదలకూడదు. నల్లగా సన్నగా చువ్వలాంటి పిల్ల, పట్టిందంటే ఇక వదలదు. వాళ్ళ నాయన వేరేవాళ్ళ గొర్రెల వెంట పోయేవాడు, అమ్మ కూలికి పోయేది. సెలవుల్లో గంగరత్నా కూలికే.

దాని పక్కన చెయ్యి పట్టుకుని ఆడేది ఓబుళమ్మ. బొద్దుగా ఉండేది, నోరు మాత్రం ఊరుకునేది కాదు. ఈ ఇద్దరూ బడిలోనూ చేలోనూ జంటే. గంగరత్న కాలు పడితే ఓబుళమ్మ నడుం పట్టేది. చెప్పకుండానే ఒకరి ఊపిరి ఇంకొకరికి తెలిసేది.

హెడ్మాస్టరు మంచి మాటకారి. ప్రేయర్‌లో ఏదో ఒక విషయం మీద మాట్లాడకపోతే ఆయనకు పూట గడవదు. హిందూపురంలో జిల్లా పోటీలని తెలిసినప్పటినుంచి రోజూ అంకితభావం గురించే. “ఒళ్ళు చూసుకునేవాడు ఆటగాడు కాడు. నాకు నొప్పి అన్నవాడు జట్టుకు ద్రోహి” అనేవారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. నేను లైను చివర నిలబడి గడియారం చూసుకునేదాన్ని. పెద్దవాళ్ళ ఉపన్యాసాలు పిల్లలు నమ్ముతారని అప్పటికి నాకు తోచలేదు.

కడుపునొప్పి, కాన్వాసు బూట్లు

పోటీలు ఇంకా కొద్ది రోజులున్నాయనగా నన్ను ఓటర్ల జాబితా పనికి వేశారు. ఊళ్ళు తిరగాలి. “సారూ, ఇప్పుడా?” అన్నాను. “ప్రభుత్వం పని ఎస్తేరమ్మగారూ, మన చేతిలో ఏముంది?” అన్నారు హెడ్మాస్టరు.

పిల్లలు నన్ను సాగనంపుతూ, “మీరు పోయిరాండి మేడం, మేమే ఆడుకుంటాం” అన్నారు. నిజంగానే ఒక్కరోజు కూడా మానకుండా ఆడారు. నేను తిరిగొచ్చిన రోజు గంగరత్న గట్టు మీద కూర్చుని ఉంది.

“ఏమైంది దానికి?” అన్నాను.

“కడుపునొప్పి మేడం” అంది ఓబుళమ్మ. మిగతా పిల్లలు నేల చూశారు. ఆడపిల్లల మధ్య ఆ మాట అన్నాక ఎవరూ మళ్ళీ అడగరు. నేనూ అడగలేదు.

హిందూపురం ప్రయాణం ముందురోజు హెడ్మాస్టరు పిల్లలకు తెల్ల కాన్వాసు బూట్లు పంచారు. దాతలెవరో ఇచ్చారట. ప్రారంభోత్సవం కవాతులో మన బడి పిల్లలు ఒట్టికాళ్ళతో నడిస్తే పరువు పోతుందని ఆయన పట్టుదల. మా పిల్లలు పుట్టాక బూట్లు వేసుకున్నది అదే మొదలు. కవాతు అయ్యేసరికి ఏడుగురి మడమలూ బొబ్బలెక్కాయి. అందరూ కుంటుకుంటూ వచ్చి చెట్టుకింద కూలబడి, బూట్లు విసిరేసి, ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. గంగరత్నా నవ్వింది.

అందరికంటే అది కాస్త ఎక్కువ కుంటుతున్నట్టు నాకు అనిపించింది. దగ్గరికి పిలిచాను.

“ఏమే, అంత కుంటుతాండావు?”

“బూటు కరిసింది మేడం” అని మడమ చూపించింది. బొబ్బ పగిలి నీరు కారుతోంది. కొబ్బరినూనె రాసి పంపాను. మడమ చూశాను గానీ మోకాలు చూడలేదు. ట్రాకు ప్యాంటు కింద దాని మోకాలికి చింపిన ఓణీ గుడ్డ బిగించి కట్టి ఉంది. కట్టింది ఓబుళమ్మ.

ఫైనలు సాయంత్రం. మామూలుగా పిల్లిలా దూకే గంగరత్న ఆ రోజు కదలకుండా నిలబడి ఆడింది. వచ్చినదాన్ని దగ్గరికి రానిచ్చి పట్టేది. కొత్త ఎత్తు వేసిందనుకుని పక్కనున్న పి.ఇ.టి.లకు గొప్పగా చెప్పాను కూడా. చివరి కూతకు అవతలి జట్టు పొడుగుపిల్ల వచ్చింది. మేము ఒక్క పాయింటు ముందున్నాం. గంగరత్న ఆ పిల్ల కాలు పట్టింది. అది గుంజుకుని పోతోంది, గంగరత్నను నేలమీద ఈడ్చుకుపోతోంది, అయినా గంగరత్న వదల్లేదు. ఓబుళమ్మ వచ్చి మీద పడింది, మిగతావాళ్ళూ పడ్డారు. విజిల్ మోగింది.

గెలిచాం. అందరూ లేచారు, గంగరత్న లేవలేదు. అరవలేదు, ఏడవలేదు. పళ్ళు బిగపట్టి నవ్వుతూ నావైపు చూస్తోంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పిల్లలు దాన్ని భుజాలమీద ఎత్తుకుని ఊరేగించారు. గెలుపు సంబరమనుకున్నాను. నడవలేకపోయింది కాబట్టి ఎత్తుకున్నారని ఆ గ్రౌండులో నాకొక్కదానికే తెలియదు.

స్టేజీ మీద

ఊరికి చేరేసరికి మోకాలు కుండలా వాచింది. చివరి పట్టులో దెబ్బ తగిలిందనే పెద్దవాళ్ళమందరం అనుకున్నాం. వాళ్ళమ్మ నాటువైద్యుడి దగ్గర కట్టు కట్టించింది. మర్నాడు హెడ్మాస్టరు ప్రేయర్‌కు పిల్లను పిలిపించారు. ఇద్దరు పిల్లల భుజాలమీద చేతులేసుకుని స్టేజీ ఎక్కింది. చేతిలో కప్పు పెట్టారు. “అంకితభావం అంటే ఏమిటని నేను రోజూ చెబుతున్నాను. ఇవాళ మీ కళ్ళతో చూడండి. ఇదీ!” అన్నారు. బడంతా చప్పట్లు కొట్టింది. ఒంటికాలి మీద నిలబడి గంగరత్న సిగ్గుపడుతోంది.

లైనులో ఓబుళమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. సంతోషంతో ఏడ్చే ఏడుపు కాదది. ప్రేయర్ అయ్యాక స్టోరు గదిలోకి తీసుకుపోయి అడిగాను.

“ఏడ్చేది ఏంటికే? చెప్పు.”

“చెప్తే ఒట్టు మేడం. గ్రౌండు మట్టిమీద ఒట్టేసుకున్యాం.”

“చెప్పకపోతే నామీద ఒట్టు.”

అప్పుడు చెప్పింది. నేను ఊళ్ళు తిరుగుతున్న రోజుల్లోనే ప్రాక్టీసులో గంగరత్న కాలు మడతపడింది. మోకాల్లో ఏదో టప్పుమని తెగిన శబ్దం అందరికీ వినపడింది. “మేడంకు తెలిస్తే నన్ను ఆడనియ్యదు, మీరెవురూ చెప్పొద్దండి” అని గంగరత్నే అందరి చేతులూ పట్టుకుంది. ఏడుగురూ మట్టి ముట్టి ఒట్టేసుకున్నారు. కడుపునొప్పి మాట ఓబుళమ్మ ఆలోచన. ఓణీ గుడ్డా దానిదే. బూట్లు రావడం వాళ్ళకు దేవుడిచ్చిన వరమైంది.

“సారు చెప్పె కదా మేడం, నొప్పి అన్యోళ్ళు ద్రోహులని” అంది ఓబుళమ్మ.

ఏ జట్టుకైనా నేర్పాలని మేము తలకిందులయ్యేవి ఈ పిల్లల్లో అన్నీ ఉన్నాయి. ఒకరినొకరు వదిలిపెట్టకపోవడం, మాట మీద నిలబడడం, నొప్పి ఓర్చుకోవడం. ఆ మంచి గుణాలన్నీ కలిసి ఒక పిల్ల కాలు విరిచాయి.

హెడ్మాస్టరు గదికి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆయన కప్పు వైపు చూసి, “ఆటల్లో దెబ్బలు మామూలే ఎస్తేరమ్మగారూ. కప్పొచ్చిన సంతోషంలో ఇవన్నీ ఎందుకు?” అన్నారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఆస్పత్రికి పోవడానికి జీపు మాట్లాడింది ఆయనే. కానీ తన మాటకూ ఆ మోకాలికీ సంబంధం ఉందని చివరిదాకా ఒప్పుకోలేదు. మాటలు చెప్పేవాళ్ళందరిలోనూ ఈ జబ్బు ఉంటుంది, నాలో కూడా ఉంది.

గొంతుక్కూర్చోలేని కాలు

అనంతపురం పెద్దాస్పత్రిలో డాక్టరు కట్టు విప్పి చూశాడు. మొదటి దెబ్బకే తెచ్చి, కదలకుండా ఉంచి ఉంటే బాగుపడేదన్నాడు. ఆ కాలితో ఆడడంతో కీలు లోపల చెడిపోయింది. “నడుస్తుందమ్మా. కాస్త కుంటుతుంది, అంతే. మోకాలు మాత్రం పూర్తిగా మడత పడదు” అన్నాడు. ఏదో చిన్న సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. కుర్చీలో కూర్చునేవాళ్ళకు అది చిన్న సంగతే.

గంగరత్న వాళ్ళమ్మ నన్ను ఒక్కమాట తిట్టలేదు. “మోకాలు మడవకుంటే గొంతుక్కూచునేది ఎట్ల మేడం?” అని మెల్లగా అడిగింది. “గొంతుక్కూచోకుంటే కలుపెట్ల తీస్తాది? ఇంకేం కూలికి పోతాది మేడం, ఇది?”

మా వైపు ఆడవాళ్ళ బతుకంతా చెనక్కాయ చేలోనే, వేరుశనగే మా పంట. కలుపు తీయాలంటే తలా ఒక సాలు, అంటే మొక్కల వరస, పట్టుకుని, గొంతుక్కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముందుకు జరుగుతూ పోవాలి. అలా కూర్చోలేని ఆడమనిషికి మా ఊళ్ళల్లో పని లేదు. ఆటకు పంపమని ఇంటింటికీ తిరిగి బతిమాలినప్పుడు ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగుంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు.

గంగరత్న పదో తరగతి పరీక్షలకు రాలేదు. ఆ తర్వాత ఏడాది వానాకాలంలో నేను బస్సులో పోతూ చేలో ఆడవాళ్ళ వరసను చూసి దిగాను. మా పిల్లలు! ఓబుళమ్మా మిగతా జట్టూ కలుపు తీస్తున్నారు. వాళ్ళలో గంగరత్న కూడా ఉంది. ఒక కాలు చాపి, నేలమీద చతికిలబడి, పిర్రలమీద ఈడ్చుకుంటూ వెనకపడి వస్తోంది. దాని సాలు మాత్రం అందరితో సమానంగా ముందుకు పోతోంది. ఓబుళమ్మ తన సాలు లాగుతూ, పక్కకు వంగి దాని సాలు కూడా లాగుతోంది. ఓబుళమ్మ అలసిపోతే ఇంకో పిల్ల వచ్చి ఆ పక్కన కూర్చునేది. ఎవరూ ఎవర్నీ పిలవడం లేదు. గ్రౌండులో ఎలా కదిలేవాళ్ళో అలాగే.

“గుంపు మేస్త్రి ఏమీ అనడం లేదా?” అని అడిగాను.

“ఏమంటాడు మేడం? ఆయప్పకు సాలు అయితే సరి” అంది ఓబుళమ్మ. “మా మూల మనిషిని ఇడిసిపెట్టి మేం యాడికి పోతాం?”

బస్సెక్కి ఇంటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. సంతోషమో దుఃఖమో నాకే తెలియలేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది. అలా ఆపేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ పిల్లలంతా వయసుకొచ్చిన ఆడపిల్లలు. ఒకతి పెళ్ళయి గుడిబండ వైపు పోయింది. ఇంకొకతి బెంగుళూరుకు బిల్డింగు పనికి పోయింది. ఇద్దరు ధర్మవరంలో పట్టు దారం తీసే పనిలో చేరారు. ఇంకొకతి ఎటు పోయిందో తెలియదు. ఓబుళమ్మ అందరికంటే ఎక్కువకాలం ఉంది. రెండు సంబంధాలు వద్దని పోరు పెట్టిందని విన్నాను. మూడోదాన్నీ వద్దంటే వాళ్ళ నాయన ఒప్పుకోలేదు. దాన్ని ఓబులదేవరచెరువు దగ్గర ఊరికి ఇచ్చారు. ఆ తర్వాత కలుపుకాలం వచ్చినప్పుడు గంగరత్న సాలు వెనకబడింది. మేస్త్రి దాన్ని సగం మనిషి కింద కట్టాడు. రెండో ఏడు పిలవడమే మానేశాడు.

నేను మార్చుకున్నది

నేను తర్వాత పనిచేసిన ప్రతి బడిలోనూ ఒక పద్ధతి పెట్టాను. ఆట మొదలయ్యే ముందు ప్రతి పిల్లా నా ఎదుట ఒట్టికాళ్ళతో గొంతుక్కూర్చుని లేవాలి. ఎవరి మాటా వినను, ఎవరి సాకూ వినను, మోకాళ్ళనే చూస్తాను. లేవలేని పిల్ల ఆ రోజు ఆడదు, ఫైనలైనా సరే. దీనివల్ల ఓడిపోయిన ఆటలు ఉన్నాయి, హెడ్మాస్టర్ల చేత మాటలు పడ్డ రోజులూ ఉన్నాయి. తోటి పి.ఇ.టి.లు నాకు “కూర్చోండి మేడం” అని పేరు పెట్టారు. పెట్టుకోనీ.

పిల్లలకు ఓర్పు నేర్పాల్సిన పని లేదు. మా పల్లెల పిల్లలు దాన్ని పాలతోనే తాగి వస్తారు. నొప్పి అని నోరు తెరిచి చెప్పడం నేర్పాలి, పక్కదాని నొప్పి గురించి పెద్దవాళ్ళకు చెప్పడం ద్రోహం కాదని నేర్పాలి. ఈ రెండోది మొదటిదానికంటే మూడింతలు కష్టం. పిల్లలు జట్టు కోసం ప్రాణమిస్తామంటారు. వాళ్ళు ఇస్తామన్నది తీసుకోకుండా ఉండడమే మన ఉద్యోగం.

రిటైరయ్యే ముందు ఒక పెళ్ళికి ఆ ఊరు పోయాను. గంగరత్న ఇంటి ముందు ముక్కాలిపీట మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఎవరో కుప్పగా పోసి పోయిన చెనక్కాయలు వొలుస్తోంది. కాయల కాలంలో మాత్రమే ఉండే పని. జుట్టు అప్పుడే నెరిసింది. నన్ను చూసి లేవబోయింది, నేనే దాని పక్కన నేలమీద కూర్చున్నాను. నేనూ కాసిని వొలిచాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఇన్నేళ్ళూ మనసులో దాచుకున్నది అడిగేశాను.

“ఆ పొద్దు నాకెందుకు చెప్పలేదే?”

“చెప్తే మీరు ఆడనియ్యరు కదా మేడం.”

“ఆడనిచ్చేదాన్ని కాదు.”

“అందుకే చెప్పలేదు.”

గింజలు చాటలో పోసి, పొట్టు ఊది, ఇంకో పిడికెడు తీసుకుంది.

“మళ్ళీ అదే రోజొస్తే?” అన్నాను.

“ఇప్పుడైతే చెప్తా మేడం” అంది. గొంతులో కోపం లేదు. కోపమైనా ఉండుంటే నాకు బాగుండేది. “అప్పుడు ఏడుమందిమీ ఒకటే అనుకుంటిమి. ఓబుళి పాపం శానా రోజులు అట్లే అనుకుండె. కాలు మాత్రం నా ఒక్కదాందే, మేడం.”